నాలుగు కళ్ళ మధ్య గుడ్డిదారి

"తాళంచెవి ఆయన జేబులోనే దొరికింది. ఇంకేం కావాలి మేడమ్ మీకు?"

ఈ మాటన్నవాడిని పోలీసు డిపార్ట్‌మెంటులో అందరూ ఇస్త్రీ అనేవారు. ఎండలో తిరిగినా, శవం పక్కన కూర్చున్నా వాడి చొక్కా మడత నలిగేది కాదు. అప్పట్లో నా కింద పనిచేశాడు. ఇప్పుడు నేను ప్రైవేటు డిటెక్టివ్‌ని, వాడు ఇన్సూరెన్స్ కంపెనీ తరఫున దర్యాప్తు చేసే మనిషి. మేడమ్ అనే పిలుపు మిగిలింది గానీ అందులో పాత భయం ఎప్పుడో పోయింది. వెటకారం మాత్రం బాగా ముదిరింది.

"ముందు నువ్వు ఆ గీత లోపల్నుంచి బయటికి రా," అన్నాను. "చూడాల్సిందంతా నీ బూట్లతో తొక్కేస్తున్నావు."

టైల్స్ ఫ్యాక్టరీ ప్యాకింగ్ షెడ్డులో ఉన్నాం మేము. మధ్యలో మనిషికి మూడింతల ఎత్తున్న ఇనుప చెయ్యి. బెల్టు మీద వచ్చే టైల్స్ పెట్టెల్ని పట్టుకుని చెక్క పలకల మీద దొంతులుగా పేర్చడం దాని పని. దాని చుట్టూ నేల మీద పసుప్పచ్చ గీత. ఆ గీత దాటి మనిషి లోపలికి వస్తే పైకప్పులో ఉన్న కెమెరా చూడాలి. పచ్చగా వెలిగే దీపం ఎర్రగా మారాలి, సైరన్ మోగాలి, చెయ్యి ఎక్కడిదక్కడ ఆగిపోవాలి. సోమవారం పొద్దున అది ఆగలేదు. షెడ్డులో అందరికన్నా పాత ఆపరేటర్, అందరూ పెద్దాయన అని పిలిచే మనిషి, దాని దెబ్బకి అక్కడికక్కడే పోయాడు. ఇవాళ మేము లోపల చూడాలని చెయ్యికీ, దీపానికీ, సైరన్‌కీ కరెంటు తీసేయించాం.

ఇస్త్రీ గీత దాటి బయటికొచ్చి, ప్యాంటుకి అంటిన తెల్ల పొడి దులుపుకున్నాడు. "వీడియో మీరూ చూశారుగా. తల వంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ తిన్నగా దాని కిందికి వెళ్ళాడు. ఒక్కసారైనా తలెత్తలేదు. భార్య పోయి ఏడాది కూడా కాలేదు. కెమెరాని ఆపే తాళంచెవి ఆయన దగ్గరే ఉండేది. ఆపాడు, వెళ్ళాడు. మర్నాడు మేం నలుగురం నాలుగు వైపుల నుంచి నడిచి చూశాం, ప్రతిసారీ దీపం ఎర్రబడింది. కెమెరాలో లోపం లేదు మేడమ్. లోపం ఆయన మనసులో ఉంది."

నా వెనక గాజుల చప్పుడైంది. తిరిగి చూడకపోయినా ఎవరో నాకు తెలుసు. పెద్దాయన కూతురు. నన్ను ఈ కేసులోకి లాక్కొచ్చిన పిల్ల.

మొదటిసారి మా ఆఫీసుకి వచ్చినప్పుడు కుర్చీ లాగి వేసినా కూర్చోలేదు. "ఇన్సూరెన్సు డబ్బు రాకపోతే పోనీ ఆంటీ. నాన్న కావాలనే వెళ్ళాడో లేదో అదొక్కటి చెప్పండి చాలు," అంది. "అమ్మ పోయాక ఆయనకి నేనున్నాను కదా. నేను చాల్లేదా?" ముప్ఫై ఏళ్ళుగా ఏడ్చేవాళ్ళని చూసి చూసి నా కళ్ళు బండబారిపోయాయి అనుకునేదాన్ని. ఆ పూట మాత్రం చెంగుతో కళ్ళజోడు తుడుచుకుంటున్నట్టు నటించాల్సి వచ్చింది.

"ఈ అమ్మాయి ఇక్కడెందుకు?" అన్నాడు ఇస్త్రీ. "కెమెరా ప్రోగ్రాము తయారుచేసిన కంపెనీలోనే ఉద్యోగం. ఇటు కూతురు, అటు కంపెనీ మనిషి. ఏ లెక్కన తీసుకొచ్చారు?"

"నాకు తోడు. ఒంటరిగా తిరగాలంటే భయం నాకు. నీలాంటివాళ్ళు ఉంటారని."

వాడు మొహం మాడ్చుకున్నాడు. నేను గోడ మీదున్న తాళం పెట్టె దగ్గరికి వెళ్ళాను. 

"బాబాయ్, ఆ తాళంచెవి ఇలా ఇవ్వండి," అన్నాను. 

స్తంభం పక్కన నిలబడ్డ పొట్టి మనిషి ఉలిక్కిపడ్డాడు. పెద్దాయనతో పాతికేళ్ళు కలిసి పనిచేసినవాడు. ఆ అమ్మాయి బాబాయ్ అంటుందని నేనూ అలాగే పిలుస్తున్నాను. వచ్చినప్పటి నుంచీ ఆయన మా ఎవరి కళ్ళలోకీ చూడట్లేదు. తాళంచెవి నా చేతిలో పెట్టి మళ్ళీ స్తంభం చాటుకి పోయాడు.

నేను తాళంచెవి పెట్టి కుడివైపు తిప్పాను. పైన కెమెరా పక్కన చిన్న లైటు ఆరింది. "కెమెరా ఆగింది. అంతేనా?"

"అంతే," అన్నాడు ఇస్త్రీ.

"ఇప్పుడు నువ్వొచ్చి తాళంచెవి బయటికి తియ్యి."

వాడొచ్చి లాగాడు. రాలేదు. అటూ ఇటూ కదిపాడు, రెండు చేతులతో లాగాడు, మెడ నరాలు ఉబ్బాయి. మొదటిసారి వాడి చొక్కా మడత నలగడం చూశాను. 

"కెమెరా ఆపి ఉన్నంతసేపూ ఇది బయటికి రాదు నాయనా. మర్చిపోయి జేబులో వేసుకుని వెళ్ళిపోకుండా అలా చేసి పెట్టారు. మళ్ళీ కెమెరా నడిపిస్తేనే వస్తుంది. చనిపోయినాయన జేబులో తాళంచెవి దొరికిందంటే అర్థమేంటి? కెమెరా నడుస్తూనే ఉంది. ఆయన దాన్ని ఆపలేదు."

ఇస్త్రీ తాళంచెవిని వదిలేసి పైన కెమెరా వైపు చూశాడు. తర్వాత మెల్లగా అన్నాడు, "మరి నడుస్తున్న కెమెరా మనిషిని ఎందుకు చూడలేదు?"

తెలివితక్కువవాడు కాదు. నేనే నేర్పాను వాడికి, ఒక అబద్ధం విరిగితే దాని వెనక ఏముందో వెంటనే అడగాలని. ఎందుకు నేర్పానా అని ఆ పూటే అనుకుంటానని అప్పుడు నాకేం తెలుసు!

నేను పసుపు గీత అంచున మోకాళ్ళ మీద కూర్చున్నాను. నా మోకాళ్ళు రెండూ తిట్టుకున్నాయి. నేలంతా టైల్స్ పొడి, పలచగా పిండి చల్లినట్టుంది. మనుషులు తిరగకూడని చోటు కాబట్టి పొడి అలాగే పేరుకుంది. ఇస్త్రీగాడి బూట్ల గుర్తులు, పోలీసుల గుర్తులు ఎటుపడితే అటు ఉన్నాయి. వాటి కింద ఇంకొకటి ఉంది. పసుపు గీత దగ్గర మొదలై లోపలికి, జానెడు వెడల్పున, తాడు పట్టి కొట్టినట్టు తిన్నగా, పొడి లేని నల్లటి చార. చెప్పులు పడీ పడీ నున్నబడిన చార.

"బాబాయ్," అన్నాను లేవకుండానే, "ఇక్కడ ఎవరూ నడవకూడదు కదా?"

"నడవకూడదండీ."

"మరి ఇదేంటి?"

ఆయన కండువా అంచు మెలిపెట్టాడు. 

"ఒక్కడు ఒక్కసారి నడిస్తే ఇలా పడదు. చాలామంది, చాలాసార్లు, ఒకే చోట అడుగేస్తే పడుతుంది. ఇటూ అటూ బోలెడంత చోటుండగా అందరూ ఈ జానెడు దారే ఎందుకు పట్టుకున్నారు?"

"నాకేం తెలీదమ్మా. నాకు ఇద్దరు పిల్లలు..."

నాకు ఒళ్ళు మండింది. "మీ పిల్లల సంగతి నేనడిగానా? ఇదిగో, ఈ పిల్లని చూడండి. వాళ్ళ నాన్న తనని వద్దనుకుని చచ్చిపోయాడని నాలుగు రోజులుగా కుళ్ళిపోతోంది. మీకు తెలిసి కూడా నోరు విప్పకపోతే జీవితాంతం అలాగే అనుకుంటుంది. ఆ తర్వాత ఏ మొహం పెట్టుకుని ఆ ఇంటికి వెళ్తారు?"

ఆయన స్తంభాన్ని పట్టుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. మొహం కండువాలో దాచుకున్నాడు. భుజాలు ఎగిరెగిరి పడుతున్నాయి. అమ్మాయే వెళ్ళి పక్కన కూర్చుంది. "చెప్పు బాబాయ్," అంది. "ఉద్యోగం పోతే నేను చూస్తాను. చెప్పు."

"గుడ్డిదారి అంటామమ్మా దాన్ని," అన్నాడు కండువాలోంచే. "పోయిన నెల నుంచే. ఎవడో కుర్రాడు కింద పడ్డ పెట్టె కోసం వెళ్తే సైరన్ మోగలేదు. మళ్ళీ వెళ్ళి చూశాడు, మోగలేదు. ఈ చారున్న చోట తిన్నగా పోతే కెమెరాకి మనం కనబడమని తెలిసిపోయింది. అప్పట్నుంచి పెట్టె పడితే అందరం అటే. సైరన్ మోగితే పనంతా ఆగుతుంది, ఫోర్‌మన్ వచ్చి అమ్మనాబూతులు తిడతాడు. అందుకని ఎవరం పైకి చెప్పలేదు."

"నాన్న కూడానా? ఆయన రూలు తప్పే మనిషి కాదు."

"మొదట్లో వెళ్ళేవాడు కాదు. మమ్మల్నీ తిట్టేవాడు." ఆయన కండువా దించి అమ్మాయి మొహంలోకి చూశాడు. "కానీ సైరన్ మోగినప్పుడల్లా ఆఫీసు వాళ్ళు, ఈ కెమెరా దండగ, తీసి అవతల పారేస్తే పీడా పోతుందనేవారు. ఆ మాట ఆయన తట్టుకోలేకపోయేవాడు తల్లీ. అది మా అమ్మాయి చేసిన కెమెరారా అని అందరికీ చెప్పుకున్నాడు కదా. నీకు చెడ్డపేరు రాకూడదని, ఇక ఆయనా అటే వెళ్ళడం మొదలుపెట్టాడు. దారి సంగతి నీకు చెప్పమన్నాను. ఫోన్లో చెప్తే కంగారు పడుతుంది, ఆదివారం ఇంటికొచ్చినప్పుడు నిదానంగా చెప్తానన్నాడు."

పోయిన ఆదివారం ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళలేదని, పనుందని ఫోన్ చేసి చెప్పిందని నాకు తెలుసు. 

"మరి అన్నాళ్ళు ఎవరికీ ఏం కాలేదు. సోమవారమే ఎందుకైంది?" అన్నాడు ఇస్త్రీ. ఈసారి గొంతులో వెటకారం లేదు.

"చెయ్యి ఎప్పుడూ అటువైపు తిరిగేది కాదు సార్. దొంతి ఇటు పేర్చేది. సోమవారం పెద్ద సైజు టైల్స్ వచ్చాయని దొంతిని అటు మార్చారు. పెద్దాయన అప్పుడే డ్యూటీ ఎక్కాడు, ఎవరూ చెప్పలేదు. పెట్టె పడింది, వెళ్ళాడు."

నేను లేచి నిలబడ్డాను. "చెయ్యికి కరెంటు తీసేసి ఉంది కదా? తాళంచెవి వెనక్కి తిప్పి కెమెరా నడిపించండి, దీపానికీ సైరన్‌కీ కరెంటు ఇవ్వండి."

"మేడమ్, మీరెందుకు, ఎవరినైనా కుర్రాడిని..." అని ఇస్త్రీ ముందుకొచ్చాడు. చేత్తో వారించాను. నల్లచార మీద కాలు పెట్టాను. రెండో అడుగుకే తెలిసింది, తల వంచుకోకపోతే ఆ దారిలో నడవలేం. చూపు ఒక్క బెత్తెడు పక్కకి పోతే కాలు పక్కకి పోతుంది. తల వంచుకుని, అడుగులో అడుగేసుకుంటూ, వీడియోలో పెద్దాయన నడిచినట్టే నడిచాను. చెయ్యి కిందికి వెళ్ళి ఆగాను. 

సైరన్ మోగలేదు. తలెత్తి చూస్తే దీపం పచ్చగా ఉంది. 

కుడివైపుకి ఒక్క అడుగేశాను. ఎర్రదీపం, చెవులు చిల్లులు పడేలా సైరన్. మళ్ళీ చార మీదికి వచ్చాను. సైరన్ ఆగింది. ఎనభై కిలోల మనిషిని, పట్టపగలు, కెమెరా కిందే నిలబడ్డాను. అది నన్ను చూడట్లేదు. 

తొందరగా బయటికొచ్చి అమ్మాయి రెండు చేతులూ పట్టుకున్నాను. "చూశావా తల్లీ? ఆయన తల వంచుకుంది బతుకు మీద విరక్తితో కాదు, దారి తప్పకూడదని. పెట్టె తీసుకుని వెనక్కి వచ్చేద్దామనే వెళ్ళాడు. నువ్వు చాల్లేదనుకుని కాదు. నీ కోసమే అటు వెళ్ళాడు."

అప్పుడు ఏడ్చింది. నాలుగు రోజుల ఏడుపు ఒక్కసారిగా వచ్చింది. నా భుజం మీద పడి నాన్నా నాన్నా అంటూ వెక్కివెక్కి ఏడుస్తుంటే వీపు నిమురుతూ నిలబడ్డాను. హమ్మయ్య, అడిగిన దానికి జవాబు దొరికింది, అనుకున్నాను. అంతలో ఉన్నట్టుండి ఆ ఏడుపు ఆగింది. తగ్గి తగ్గి ఆగడం కాదు, గొంతు నొక్కేసినట్టు మధ్యలో తెగిపోయింది. నా భుజం మీంచి తలెత్తి కెమెరా వైపు చూస్తోంది. తర్వాత నల్లచార వైపు. మళ్ళీ కెమెరా వైపు.

ఆ చూపు నాకు తెలుసు. ఎన్నో గదుల్లో, ఎంతోమంది మొహాల్లో చూశాను. తన తప్పు తనకే గుర్తొచ్చినవాళ్ళ చూపు అది. 

"పద, ఇంటికెళ్దాం," అన్నాను గబగబా. "కేసు అయిపోయింది."

"ఎక్కడ అయిపోయింది?" అన్నాడు ఇస్త్రీ. "కెమెరా ఎందుకు చూడలేదో తేలలేదు."

"అది కంపెనీ వాళ్ళని అడుక్కో."

"కంపెనీ మనిషి మీ చేతుల్లోనే ఉంది కదా మేడమ్."

"నోర్ముయ్!" అని అరిచాను. షెడ్డంతా మారుమోగింది. వాడు నా అరుపుకి భయపడే రోజులు పోయాయి. పైగా న్యాయం వాడివైపు ఉంది, అదే నాకు మరీ మంట. "ఆ పిల్లకొచ్చిన కష్టం కనబడట్లేదా నీకు? ఇవాళకి వదిలెయ్."

"మీరైతే వదిలేసేవారా?"

అమ్మాయి నా చేతులు విడిపించుకుంది. "నేను చెప్తాను," అంది.

నేల మీద కూర్చుని పొడిలో వేలితో పెద్ద చతురస్రం గీసింది. 

"ఇది పై నుంచి కెమెరా తీసే బొమ్మ. చాలా పెద్దది. ఒక్క ప్రాసెసర్ మొత్తం వెతికి మనిషున్నాడో లేదో చెప్పేసరికి ఆలస్యమైపోతుంది, ఈలోపు చెయ్యి తగిలేస్తుంది. అందుకని బొమ్మని నిలువుగా నాలుగు ముక్కలు కోసి నాలుగు ప్రాసెసర్లకి పంచుతాం. నలుగురూ ఒకేసారి వెతుకుతారు. నాలుగింతలు తొందరగా తేలుతుంది." చతురస్రంలో మూడు నిలువు గీతలు గీసింది. "కానీ మనిషి సరిగ్గా కోసిన చోట నిలబడితే? ఒక భుజం ఈ ముక్కలో, ఒక భుజం ఆ ముక్కలో. పై నుంచి చూస్తే మనిషంటే తల, రెండు భుజాలే. సగమే చూసి మనిషి కాదంటుంది ఈ ముక్క. సగమే చూసి కాదంటుంది ఆ ముక్క. ఆ నల్లచార పడింది సరిగ్గా ఆ కోత కిందే."

"ఇంత తెలిసి అలా ఎలా వదిలేశారు?" అన్నాడు ఇస్త్రీ.

"వదల్లేదు. కోసేటప్పుడు అంచు వదిలేవాళ్ళం, బట్ట కత్తిరిస్తే కుట్టుకి వదిలినట్టు. ఈ ముక్క పక్క ముక్కలోకి కొంచెం వెళ్తుంది, అది ఇందులోకి కొంచెం వస్తుంది. గీత మీద ఎవరున్నా ఏదో ఒకదానికి నిండుగా కనబడతారు. కానీ ఆ అంచుల్ని పక్కపక్క ప్రాసెసర్లు రెండూ చూడాలి కదా. దానికి టైము పడుతుంది. ఇంకా స్పీడు కావాలి, ఇంకా కావాలి అని మా సార్ రోజూ ప్రాణం తీసేవారు. ఒకరోజు ఆ అంచులు తీసేసి చూస్తే స్పీడు బాగా పెరిగింది. మీటింగులో అందరూ చప్పట్లు కొట్టారు."

తీసింది ఎవరని ఇస్త్రీ అడగబోయాడు. అడగొద్దన్నట్టు తలూపాను. అడగలేదు వాడు. అయినా ఆమె ఆగలేదు. 

"తీసింది నేనే. డెమోకి మాత్రమే, ఎక్కడా పెట్టకూడదని చెప్పాను. ఆ సాయంత్రం నాన్నకి ఫోన్ చేసి, చప్పట్లు కొట్టారు నాన్నా అని చెప్పాను. ఆయన ఎంత సంతోషించాడో!"

బాబాయ్ నోటికి కండువా అడ్డం పెట్టుకున్నాడు. జవాబు కావాలంది, తెచ్చిచ్చాను. ఇలాంటి జవాబని తెలిస్తే ఆ రోజే ఆఫీసుకి తాళం వేసుకుని పోయుండేదాన్ని.

ఆమె ఫోన్ తీసి వాళ్ళ సార్‌కి కలిపింది. "సార్, అంచులు లేని వెర్షన్ మా నాన్న ఫ్యాక్టరీకి ఎలా వచ్చింది?"

ఫోన్ స్పీకర్లో పెట్టింది. అవతల గొంతు తడబడింది. వాళ్ళు స్పీడు చాల్లేదన్నారు, అందుకే పంపించాం, నువ్విప్పుడు ఎవరితోనూ ఏం మాట్లాడకు, ముందు మన లాయర్‌ని కలువు...

"ఇంకెక్కడ పెట్టారు సార్?"

అవతల ఏదో తలుపు వేసిన చప్పుడు.

"సార్!"

"అందరికీ," అంది ఆ గొంతు. "పోయిన నెల అందరికీ పంపించాం. చూడమ్మా, ఆవేశపడకు. పొద్దున్నే కూర్చుని..."

ఆమె ఫోన్ పెట్టేసింది. "పదకొండు చోట్ల ఉన్నాయి ఇలాంటివి," అంది మాతో. "ఈ టైములో అన్నీ నడుస్తుంటాయి."

ఇస్త్రీ ఆమె ముందు గొంతుక్కూర్చున్నాడు. చొక్కా నలుగుతున్నా పట్టించుకోలేదు. "అమ్మా, నా మాట విను. నువ్విప్పుడు వాళ్ళందరికీ ఫోన్ చేస్తే నేరం నెత్తిన వేసుకున్నట్టే. రేపు మీ కంపెనీ చేతులు దులుపుకుని నిన్నొక్కదాన్నే చూపిస్తుంది. నేనే రిపోర్టు రాయాలి, నేనే చెప్తున్నాను. పోలీసులకి చెప్దాం, వాళ్ళు చెప్తారు. ఒక్క పూట ఆగు."

నేను ఎన్నడూ వాడి మాటకి ఔననలేదు. అప్పుడు అన్నాను. "ఆగమ్మా," అన్నాను. "ఒక్క పూట."

ఆమె నా వైపు చూసింది. కోపం లేదు ఆ చూపులో. "గుడ్డిదారి అక్కడి వాళ్ళకీ దొరికే ఉంటుంది ఆంటీ," అంది.

ఫోన్‌లో నంబరు వెతికి నొక్కింది. మోగింది, మోగింది. చివరికి ఎవరో ఎత్తారు. వెనకాల బెల్టు తిరుగుతున్న చప్పుడు మా అందరికీ వినబడుతోంది. 

"హలో, మీ షెడ్డులో చెయ్యి నడుస్తోందా? ఆపెయ్యండి. ఇప్పుడే ఆపెయ్యండి... దీపాన్ని నమ్మకండి, మనిషున్నా అది పచ్చగానే ఉంటుంది. లోపల ఎవరైనా ఉంటే ముందు బయటికి పిలవండి... నేనా? దాని చూపుని మధ్యలో కోసేసింది నేనేనండీ. సోమవారం మా నాన్న అందులోనే పోయాడు."

అవతల ఫోన్ ఏదో బల్ల మీద పడింది. పరుగెత్తుతున్న చెప్పుల చప్పుడు. దూరంగా ఒక కేక. 

"ఒరేయ్, ఆపండ్రా! మీరిద్దరూ బయటికి రండ్రా ముందు!"

అమ్మాయి ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుని అలాగే ఉంది. బెల్టు చప్పుడు ఆగింది. చాలాసేపటికి ఎవరో రొప్పుతూ వచ్చి, వచ్చేశారమ్మా, ఇద్దరూ వచ్చేశారు అన్నారు. సరేనంది. కళ్ళు తుడుచుకుని రెండో నంబరు నొక్కింది.